మా బూత్ కాగితాలు బయటపెట్టండి: ఎన్నికల సంఘానికీ, పార్టీల నాయకులకూ ఒక పీవో (ప్రిసైడింగ్ అధికారి) బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఎన్నికల కమిషనర్లకు, రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి, అన్ని రాజకీయ పార్టీల నాయకులకు నమస్కారం.

నేను ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడి టీచరుగా చేసి రిటైరయ్యాను. బ్యాలెట్ పెట్టెల కాలం నుంచి వీవీప్యాట్ల (వేసిన ఓటును కాగితం స్లిప్పు మీద చూపే యంత్రాల) కాలం దాకా పోలింగ్ డ్యూటీలు చేశాను. ముందు ఓపీవోగా (ఇతర పోలింగ్ అధికారి), తర్వాత ఏపీవోగా (సహాయ ప్రిసైడింగ్ అధికారి), ఆఖర్న పీవోగా, అంటే బూత్ బాధ్యత మోసే ప్రిసైడింగ్ అధికారిగా. 2024 మే 13న చేసిందే నా చివరి ఎన్నిక. ఆ రోజు నా బూత్‌లో నా చేత్తో నింపిన కాగితాలను చూపించమని అడిగితే సంబంధిత కార్యాలయం నుంచి మొదటిసారి జవాబు రాలేదు. రెండోసారి అడిగితే కోర్టు ఆర్డరు తెచ్చుకోమన్నారు. మూడోసారి రాసిన ఉత్తరం ఏమైందో తెలియదు. అందుకే ఈ లేఖను అందరి ముందూ పెడుతున్నాను.

ఆ కాగితాలు నాకెందుకో ముందు చెబుతాను. ఫలితాలు వచ్చిన కొన్నాళ్లకు మా ఊరి టీ కొట్టు దగ్గర కూర్చుని ఉండగా నా దగ్గర చదువుకున్న కుర్రాడే అడిగాడు: "మాస్టారూ, నిజం చెప్పండి, రాత్రిపూట ఎన్ని గుద్దారు?" వాడు ఎగతాళికి అడగలేదు, నిజంగానే నమ్మి అడిగాడు. పక్కనున్న నలుగురూ నా ముఖం వంక చూశారు. మా బూత్‌లో ఏం జరిగిందో చెప్పాను. విన్నారు. కానీ నమ్మలేదని వాళ్ల ముఖాలే చెప్పాయి. చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం ముక్క కూడా లేదు.

ఆ రోజు జరిగింది ఇదీ. మా బూత్‌లో 1,142 మంది ఓటర్లు. పార్లమెంటుకు, అసెంబ్లీకి ఒకేసారి ఎన్నిక, అంటే ప్రతి మనిషీ రెండు యంత్రాల దగ్గర ఓటేయాలి. మధ్యాహ్నం ఎండకు జనం పల్చబడి, నాలుగున్నర తర్వాత ఒక్కసారిగా వచ్చారు. సగం మంది హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి బస్సుల్లో నిలబడి వచ్చినవాళ్లే. ఆరు గంటలకు గేటు వేయించేసరికి లైన్లో 147 మంది ఉన్నారు. నిబంధన ప్రకారం లైను చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు నంబర్లు వేసిన స్లిప్పులు ఇచ్చాం. చివరి ఓటు పడేసరికి 9 గంటల 10 నిమిషాలు. ఏజెంట్ల ఎదుట క్లోజ్ బటన్ నొక్కి, టోటల్ చూపించి, రెండు ఎన్నికలకూ వేర్వేరుగా 17సి ఫారాలు (బూత్‌లో పడిన ఓట్ల లెక్క) నింపి, కాపీలు ఇచ్చి, వాళ్ల సంతకాలు తీసుకున్నాను. అన్నీ సర్దుకుని సామగ్రి అప్పగించేసరికి తెల్లారుతోంది. ఎండకు ఒళ్లు పేలిపోయి, రాత్రంతా నిద్ర లేకుండా చేసిన ఆ పని మీద "గుద్దారా?" అన్న ప్రశ్న వచ్చి పడింది.

ఆ కుర్రాడిని నేను తప్పుపట్టను. వాడి చేతిలో ఉన్నవి రెండే అంకెలు. ఆ సాయంత్రం 5 గంటలకు ప్రకటించిన పోలింగు దాదాపు 68 శాతం. ఆఖరికి యంత్రాల్లో పడినట్టు ప్రకటించింది 80.66 శాతం. మధ్యలో దాదాపు 12.6 శాతం తేడా. 4 కోట్ల 13 లక్షల ఓటర్లున్న రాష్ట్రంలో అది 50 లక్షలు దాటుతుంది. సాయంత్రం ఐదు తర్వాత యాభై లక్షల ఓట్లా అని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుంటారు.

నేను పీవోగా ఆ లెక్కను ఇంకోలా వేసుకున్నాను. రాష్ట్రంలో బూత్‌లు 46,389. యాభై రెండు లక్షలను వాటికి పంచితే బూత్‌కు 112 ఓట్లు. ఐదు నుంచి ఆరు దాకా గంట, ఆ తర్వాత లైన్లో ఉన్నవాళ్లకు మరో గంటో గంటన్నరో. అసాధ్యమేమీ కాదు. పైగా ఐదు గంటల అంకె యంత్రం చూసి రాసుకున్నది కాదు. బూత్ నుంచి ఫోన్లో, యాప్‌లో పైకి వెళ్లిన అంచనా. లైన్లో జనం తోసుకుంటుంటే ఏ పీవో అయినా ముందు పోలింగు చూసుకుంటాడు, అంకె పంపడం ఆలస్యమవుతుంది. నేనూ ఆలస్యంగానే పంపాను.

అలాగని ఆ అనుమానం ఉత్తదేనని నేను తేల్చేయలేను. 112 అనేది సగటు మాత్రమే. అందరికీ సమానంగా 112 పడ్డాయా, కొన్ని బూత్‌లలో ఇరవై పడి మరికొన్నింటిలో ఐదు వందలు పడ్డాయా? ఈ ప్రశ్నకు సగటులో జవాబు ఉండదు. జవాబు ఉన్న చోటు నాకు తెలుసు, డ్యూటీ చేసిన ప్రతి పీవోకీ తెలుసు. ప్రిసైడింగ్ అధికారి డైరీలో పోలింగు ముగిసే వేళకు ఎన్ని స్లిప్పులు ఇచ్చామో రాసే గడి ఉంటుంది. చివరి ఓటు పడి పోలింగు ఎప్పుడు ముగిసిందో రాసే గడి ఉంటుంది. రెండు గంటలకోసారి ఎన్ని ఓట్లు పడ్డాయో రాసే పట్టిక ఉంటుంది. 17ఏ రిజిస్టర్‌లో ప్రతి ఓటరు సంతకమో వేలిముద్రో వరుస నంబరుతో ఉంటుంది. 46,389 డైరీల్లో ఆ రెండు మూడు గడులను పక్కపక్కన పెడితే ఈ వివాదం వారంలో తేలిపోతుంది. ఎవరి పక్షాన తేలుతుందన్నది నాకు అనవసరం. తేలాలి, అంతే.

ఇప్పుడు ఆధారాల బలం గురించి నాకు అర్థమైనంత చెబుతాను. దొంగ ఓట్ల ఆరోపణలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఒక పక్షం అన్నీ నిజమంటుంది, ఇంకో పక్షం అన్నీ అబద్ధమంటుంది. వాటిలో బలంగా ఉన్నవీ ఉన్నాయి, తేలిపోయేవీ ఉన్నాయి.

చండీగఢ్ మేయర్ ఎన్నిక చూడండి. 2024 జనవరి 30న అక్కడ పడినవి 36 ఓట్లు. అధికారి 8 బ్యాలెట్లు చెల్లవని పక్కన పెట్టడంతో ఫలితమే తారుమారైంది. ఆ అధికారే బ్యాలెట్ల మీద గీతలు పెడుతుండగా కెమెరాలో పడింది. సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్లను తెప్పించుకుని చూసి, ఫిబ్రవరి 20న ఫలితాన్ని తిరగరాసింది. అక్కడ కాగితం ఉంది, వీడియో ఉంది, మూడు వారాల్లో న్యాయం జరిగింది. అది యంత్రం లేని ఎన్నిక అని కూడా గుర్తుపెట్టుకోవాలి. బ్యాలెట్ పేపరు వస్తే అన్నీ సర్దుకుంటాయనే మిత్రులకు ఇది చెబుతుంటాను. ఆ రోజు ఓటును కాపాడింది కాగితం ఒక్కటే కాదు, కాగితం మీద నిలిచిన కెమెరా.

మన మాచర్ల నియోజకవర్గంలో పాల్వాయి గేటు బూత్‌లో అప్పటి ఎమ్మెల్యే ఈవీఎంను నేలకేసి కొట్టిన దృశ్యం కూడా కెమెరాలో నిలిచింది కాబట్టే లోకానికి తెలిసింది. కెమెరా లేకపోతే అదీ "వాళ్లు చేశారు, లేదు వీళ్లే చేశారు" అన్న వాదనగా మిగిలేది.

కర్ణాటకలో ఆళంద సంగతి ఇంకో రకం. 2023 అసెంబ్లీ ఎన్నికల ముందు అక్కడ 6,018 ఓట్లు తీసేయమని ఫారం 7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వచ్చాయి. ఇంటింటికీ వెళ్లి చూస్తే అందులో సరైనవి 24 మాత్రమే. తక్కిన 5,994 తప్పుడువి. ఇది ఎన్నికల సంఘం స్వయంగా చెప్పిన లెక్క. మోసానికి ప్రయత్నం జరిగిందనడానికి ఇంతకంటే బలమైన ఆధారం అక్కర్లేదు. ఎవరు చేశారన్నదే మిగిలిన ప్రశ్న. 2019 ఎన్నికల ముందు మన రాష్ట్రంలోనూ ఫారం 7లు లక్షల్లో వచ్చిపడ్డాయి, కేసులు పెట్టారు. మనవాళ్లు మరిచిపోయారేమో కానీ ఆ నోటీసులు పట్టుకుని బతికున్నట్టు నిరూపించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లు మరిచిపోలేదు. తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక 2021లో జరిగితే, ఒక అధికారి లాగిన్‌తో వేల ఓటరు కార్డులు డౌన్‌లోడ్ చేసిన వ్యవహారంలో సస్పెన్షన్ వేటు పడింది 2024 జనవరిలో. మూడేళ్లు పట్టింది.

మహదేవపుర దగ్గర నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. 2025 ఆగస్టు 7న రాహుల్ గాంధీ గారు బెంగళూరులోని ఆ ఒక్క నియోజకవర్గంలో 1,00,250 ఓట్లు దొంగిలించారని చెప్పారు. డూప్లికేట్లు 11,965, తప్పుడు చిరునామాలు 40,009, ఒకే ఇంట్లో గుంపులుగా ఉన్నవి 10,452, ఫొటో సరిగా లేనివి 4,132, కొత్త ఓటు కోసం పెట్టే ఫారం 6 దుర్వినియోగం 33,692. అది ఉన్న బెంగళూరు సెంట్రల్ లోక్‌సభ స్థానంలో మెజారిటీ 32,707. ఆ జాబితా అంత అధ్వానంగా ఉందంటే అది చిన్న విషయం కాదు. కానీ జాబితాలో తప్పుడు పేరు ఉండటం ఒకటి, ఆ పేరు మీద ఎవరో వచ్చి ఓటేయడం ఇంకొకటి. ఇంటి నంబరు గడిలో సున్నా ఉన్న మనిషి నిజమైన ఓటరే కావచ్చు. మన పల్లెల్లో ఇంటి నంబరు లేని ఇళ్లు ఎన్ని లేవు? మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కాలంటే 17ఏ రిజిస్టర్ కావాలి, వీడియో కావాలి. అవి ఉన్నది సంఘం దగ్గర. ఆగస్టు 17న సంఘం ఏమంది? ఏడు రోజుల్లో ప్రమాణపత్రం ఇవ్వండి, లేదా దేశానికి క్షమాపణ చెప్పండి అంది. అయ్యా, ఫిర్యాదు చేసిన మనిషిని తర్వాత నిలదీయవచ్చు. ముందు ఆ నలభై వేల చిరునామాలకు బీఎల్వోలను (బూత్ స్థాయి అధికారులను) పంపి, ఏది నిజమో ఏది కాదో పట్టిక వేసి పెట్టి ఉంటే ఈ దేశంలో ఎంతమందికి టెన్షన్ తగ్గేది!

ఇక యంత్రం. 2010లో మన హైదరాబాద్ ఇంజనీరు హరిప్రసాద్ గారు, అమెరికా, నెదర్లాండ్స్ నిపుణులతో కలిసి, ఈవీఎం చేతికి చిక్కితే దాన్ని మార్చవచ్చని చేసి చూపించారు. యంత్రం ఎక్కడిదని ఆయన్ను అరెస్టు చేశారు. అయినా ఆ చర్చ వృథా కాలేదు. ఓటరు నమ్మకానికి కాగితం రుజువు తప్పనిసరని 2013 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది, వీవీప్యాట్ వచ్చింది. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే వ్యవస్థ బాగుపడింది. వీవీప్యాట్ వచ్చాక లెక్క ఏమిటి? 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు తీర్పులో చెప్పిన ప్రకారం 41 వేలకు పైగా వీవీప్యాట్ల స్లిప్పులు లెక్కపెట్టి చూస్తే తేడా వచ్చింది ఒక్క చోట. అది మన మైదుకూరులోనే, 2019లో. మాక్‌పోల్ ఓట్లు, అంటే పోలింగుకు ముందు యంత్రాన్ని సరిచూడటానికి వేసే నమూనా ఓట్లు, చెరిపేయడం అక్కడి పీవో మరిచిపోయారు. ఆయన ఎవరో నాకు తెలియదు కానీ ఆయన పరిస్థితి తెలుసు. తెల్లవారుజామున ఐదున్నరకు మాక్‌పోల్, కనీసం యాభై ఓట్లు, తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్. మేం "సీఆర్సీ" అని జపంలా అనుకుంటూ ఉంటాం. బయట ఏడు కొట్టేలోపు లైను, లోపల ఏజెంట్ల గొడవ. ఆ హడావుడిలో ఒక్క బటన్ మరిచిపోతే చరిత్రకెక్కుతాం.

కాబట్టి రాష్ట్రమంతటా యంత్రాలను మార్చేశారన్న వాదనకు బలం లేదని నేను అనుకుంటున్నాను. నియోజకవర్గానికి ఐదు చొప్పున అసెంబ్లీ ఎన్నిక ఒక్కదానికే మన రాష్ట్రంలో 875 బూత్‌లను లాటరీ తీసి స్లిప్పులు లెక్కపెడతారు. పదో వంతు బూత్‌లలో మాయ జరిగి ఉంటే ఆ లాటరీలో ఎనభైకి పైగా అలాంటివే తగలాలి. ఒక్కటీ తగలకుండా పోవడం జరగని పని. కానీ ఇదే లెక్క ఇంకో మాట కూడా చెబుతుంది. ఒక నియోజకవర్గంలో సగటున 265 బూత్‌లు. వాటిలో ఐదింట్లో మాత్రమే తేడా చేశారనుకుంటే, ఐదు బూత్‌ల లాటరీకి అది చిక్కే అవకాశం పదింట ఒకటి కూడా లేదు. వందల ఓట్లతో గెలుపోటములు తేలే చోట ఈ తనిఖీ చాలదు. పెద్ద మోసానికి ఇది గట్టి అడ్డుకట్ట, చిన్న మోసానికి కాదు. ఈ రెండు మాటలూ కలిపి ఎవరూ చెప్పడం లేదు.

ఈ వాదనల మధ్య మామూలు మనుషులకు ఏం జరుగుతోందో ఇప్పుడు చెబుతాను. దయచేసి ఇది ఓపిగ్గా చదవండి.

1. రాత్రి తొమ్మిదింటి దాకా లైన్లో నిలబడిన ఓటరు దొంగ అవుతున్నాడు. హైదరాబాద్‌లో సెక్యూరిటీ గార్డుగా చేసే మా ఊరి మనిషి ఒకరు రెండు రోజుల జీతం వదులుకుని, ప్రైవేటు బస్సుకు రెట్టింపు డబ్బులు పెట్టి వచ్చాడు. ఆయన స్లిప్పు నంబరు నూటికి పైనే. "రాత్రి పడినవన్నీ దొంగ ఓట్లే" అని టీవీలో అంటుంటే అందులో ఆయన ఓటూ ఉంది.

2. పేరు పోయినవాడి గోడు ఎవరికీ పట్టడం లేదు. 2018 తెలంగాణ ఎన్నికల రోజు ఎంతోమంది బూత్ దాకా వెళ్లి పేరు లేక వెనక్కి వచ్చారు. బ్యాడ్మింటన్ క్రీడాకారిణి గుత్తా జ్వాల పేరే లేదు. ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. క్షమాపణ గౌరవమే, కానీ ఓటు తిరిగి రాలేదు. యంత్రం మీద గంటలు గంటలు వాదించే మనం జాబితా గురించి ఎన్నికల నెలలో తప్ప మాట్లాడం. నా అనుభవంలో ఓటు పోయేది యంత్రంలో కాదు, జాబితాలో. అది కూడా పేదవాడిది, అద్దె ఇల్లు మారినవాడిది, పెళ్లయి ఊరు మారిన ఆడపిల్లది.

3. పోలింగ్ సిబ్బంది భయపడుతున్నారు. ఎన్నికల డ్యూటీ అంటే తప్పించుకోవడానికి మెడికల్ సర్టిఫికెట్లు వెతుక్కునే టీచర్లు పెరుగుతున్నారు. ఊళ్లో తలెత్తుకోలేని పని ఎవరు చేస్తారు? బీఎల్వోలుగా చేసే అంగన్‌వాడీ టీచర్ల సంగతి మరీ అన్యాయం. ఇచ్చేది కాస్త గౌరవ వేతనం, పడేది రెండు పార్టీల తిట్లు.

4. ఓటు వేయడం మానేస్తామనే మాట వినబడుతోంది. మొదటిసారి ఓటు వచ్చిన పిల్లలు "ఎలాగూ ముందే అయిపోయింది కదా" అంటున్నారు. ఏ పార్టీ అనుమానం నాటినా మొలిచేది ఈ పిల్లల్లోనే.

5. నిజంగా మోసం జరిగిన చోట బాధితుడి గొంతు వినబడటం లేదు. తన ఓటు ఎవరో వేసేసి వెళ్లారని ఒక ముసలమ్మ నా బూత్‌కు 2019లో వచ్చింది. టెండర్ ఓటు (యంత్రంలో కాకుండా విడిగా కాగితం మీద వేసే ఓటు) ఇచ్చాను. ఏడ్చుకుంటూ వెళ్లింది. లక్షల ఓట్ల కేకల్లో ఆ ఒక్క ఓటు ఎవరికి కనబడుతుంది?

ఇక నేను అడుగుతున్నవి. ఎన్నికల సంఘానికి ముందు.

1. ప్రతి బూత్ 17సి మొదటి భాగాన్ని పోలింగు ముగిసిన 48 గంటల్లో, లెక్కింపు ఫలితం రాసే రెండో భాగాన్ని కౌంటింగు తర్వాత వెబ్‌సైట్‌లో పెట్టండి. ఏజెంట్లకు తప్ప ఇతరులకు ఇవ్వాలని చట్టంలో లేదని 2024 మేలో మీరు సుప్రీంకోర్టుకు చెప్పారు. ఇవ్వకూడదని కూడా చట్టంలో లేదు. ఫొటోలు మార్చి దుష్ప్రచారం చేస్తారన్నారు. అసలు మీ వెబ్‌సైట్‌లోనే ఉంటే నకిలీ నిలుస్తుందా? పదిహేను మంది ఏజెంట్ల చేతికి ఇచ్చిన కాగితం రహస్యం ఎలా అవుతుంది?

2. దాంతోపాటు ప్రిసైడింగ్ అధికారి డైరీలో స్లిప్పుల సంఖ్య, పోలింగు ముగిసిన సమయం, రెండు గంటల పట్టిక పెట్టండి. ఇందులో ఏ ఓటరు రహస్యమూ లేదు. ఆంధ్రప్రదేశ్ 2024 ఎన్నికతోనే మొదలుపెట్టండి.

3. పోలైన ఓట్లకూ లెక్కపెట్టిన ఓట్లకూ తేడా వచ్చిన ప్రతి బూత్ పేరూ, కారణమూ ప్రకటించండి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో 538 స్థానాల్లో కలిపి 5,89,691 ఓట్ల తేడా ఉందని ఎన్నికల వివరాలు పరిశీలించే ఏడీఆర్ సంస్థ లెక్క చెప్పింది. దీనికి సాదా కారణాలు ఉంటాయని నాకు తెలుసు. మాక్‌పోల్ చెరపని యంత్రాన్ని పక్కన పెడతారు, మెజారిటీ అంతకన్నా ఎక్కువైతే లెక్కపెట్టరు. ఇది రూలు. కానీ 176 స్థానాల్లో 35,093 ఓట్లు ఎక్కువ లెక్కపెట్టినట్టు కూడా ఆ లెక్కలోనే ఉంది. పక్కన పెట్టిన యంత్రం ఎక్కువ ఓట్లకు జవాబు కాదు. ఏ బూత్‌లో ఎందుకో ఒక పట్టికలో రాయండి.

4. ఎన్నికల పిటిషన్ పడకపోతే సీసీ కెమెరాల వీడియోను 45 రోజులకే చెరిపేయవచ్చన్న 2025 మే 30 ఆదేశాన్ని వెనక్కి తీసుకోండి. ఎన్నికల పిటిషన్ వేయడానికి గడువు కూడా 45 రోజులే. అంటే ఆధారం చూడకుండానే పిటిషన్ వేయాలి, వేయకపోతే ఆధారం ఉండదు. సామాన్యుడు ఎక్కడికి వెళ్లాలి? అంతకుముందు 2024 డిసెంబరులో ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 93వ నిబంధన మార్చి ఆ వీడియోలు అడిగే దారి కూడా మూసేశారు. ఎవరు ఓటేశారో ఎవరు వేయలేదో తెలిసిపోతుందన్న మీ ఆందోళన నాకు అర్థమవుతుంది. వీడియో యూట్యూబ్‌లో పెట్టమని నేను అనడం లేదు. ఏడాది పాటు ఉంచండి, ఫిర్యాదు ఉన్న బూత్ వరకు అభ్యర్థి మనిషిని మీ ఆఫీసులోనే కూర్చోబెట్టి చూపించండి.

5. ఓటర్ల జాబితాను కంప్యూటర్‌లో వెతకడానికి వీలుగా ఇవ్వండి. బిహార్‌లో 65 లక్షల పేర్లు ముసాయిదా జాబితాలో లేకుండా పోయినప్పుడు, కారణాలతో సహా ప్రకటించమని 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాక మీరు రోజుల్లోనే పెట్టారు. అంటే చేయగలరు.

6. ఓడిన అభ్యర్థి డబ్బు కట్టి యంత్రం పరీక్ష అడిగితే, అదే యంత్రం వీవీప్యాట్ స్లిప్పులు కూడా ఆయన ముందు లెక్కపెట్టండి. 2024లో ఒక్కో యంత్రానికి జీఎస్టీతో 47,200 రూపాయలు. ఒంగోలులో 12 బూత్‌లకు అడిగారు. కొత్తగా మాక్‌పోల్ చేసి చూపిస్తామంటే ఆ రోజు పడిన ఓట్ల గురించి ఏం తెలుస్తుంది?

7. ఫిర్యాదుకు 15 రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వండి. "నిరాధారం" అన్న ఒక్క మాట జవాబు కాదు. ఆధారం ఉన్న బీరువా తాళం మీ దగ్గరే ఉంది.

పార్టీల నాయకులకు చెప్పవలసింది కూడా అంతే గట్టిగా చెబుతున్నాను.

8. మీ దగ్గరున్న 17సి కాపీలు బయటపెట్టండి. ఆంధ్రప్రదేశ్‌లో రెండు పెద్ద పక్షాలకూ దాదాపు ప్రతి బూత్‌లో ఏజెంటు ఉన్నాడు. నేను సంతకం పెట్టి ఇచ్చిన కాగితం మీ ఊరి కార్యకర్త ఇంట్లో ఉంది. దానిలోని టోటల్, కౌంటింగులో వచ్చిన టోటల్ ఒకటే అయితే, పోలింగు ముగిశాక యంత్రంలోకి ఓట్లు చేరలేదని తేలినట్టే. అప్పుడు మిగిలేది ఒకే ప్రశ్న: ముగిసే లోపు పడినవి అసలైన ఓటర్లవేనా? అది మీ ఏజెంట్లే చెప్పాలి. ఆ రాత్రి వాళ్లు అక్కడే కూర్చున్నారు కదా. కాగితం తేడా ఉన్న బూత్‌లు పది దొరికినా సరే, ఆ పది నంబర్లు చెప్పండి. యాభై లక్షలని గాలిలో చెప్పే మాట కన్నా ఆ పది నంబర్లకే బలం ఎక్కువ.

9. గెలిచినా ఓడినా ఒకే కొలత పెట్టుకోండి. 2019లో చంద్రబాబునాయుడు గారు, ఇతర ప్రతిపక్ష నేతలు సగం వీవీప్యాట్లు లెక్కించాలని సుప్రీంకోర్టుకు వెళ్లబట్టే ఒకటిగా ఉన్న లెక్కింపు ఐదుకు పెరిగింది. అప్పుడు 151 స్థానాలు గెలిచిన పక్షం ఆ ప్రజాతీర్పునే చూపించింది. 2024 జూన్‌లో 11 స్థానాలకు పడిపోయాక అదే పక్షం అధినేత జగన్‌మోహన్ రెడ్డి గారు బ్యాలెట్ పేపరు కావాలన్నారు. అధికారంలోకి వచ్చిన పక్షానికి ఇప్పుడు సగం వీవీప్యాట్ల మాట గుర్తున్నట్టు లేదు. ఓడితే యంత్రం, గెలిస్తే జనం అన్నట్టు సాగితే మీ ఇద్దరి మాటా ఎవరూ నమ్మరు. ఈ లేఖలో పైన అడిగిన ఏడు కోర్కెల మీద ఇద్దరూ కలిసి సంతకం పెట్టండి.

10. ఆరోపణ చేసేముందు కింది ఉద్యోగిని తలుచుకోండి. "అధికారులు అమ్ముడుపోయారు" అని మైకులో అనేటప్పుడు ఏ అధికారి, ఏ బూత్, ఏ గంట అన్నది చెప్పండి. ఆధారం ఉంటే ఆ మనిషిని జైల్లో పెట్టించండి, నేను మీ వెంట వస్తాను. లేకపోతే రాష్ట్రంలో లక్షల మంది సిబ్బందిని ఒక్క మాటతో దొంగలను చేయకండి.

నా పాత బూత్ వరకు నేను సిద్ధంగా ఉన్నాను. పిలిస్తే ప్రమాణపత్రం ఇస్తాను. ఆ సీలు వేసిన కవరు తెరిపించండి. రెండు పార్టీల ఏజెంట్లనూ, ఆ టీ కొట్టు దగ్గర నన్ను అడిగిన కుర్రాడినీ పిలిపించండి. వాళ్ల పక్కన కూర్చుని, 17ఏ రిజిస్టర్‌లో ఆరు గంటల తర్వాత మొదటి సంతకం ఏదో, 9 గంటల 10 నిమిషాలకు పడిన చివరి వేలిముద్ర ఏదో నేనే చూపిస్తాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, మాజీ ప్రిసైడింగ్ అధికారి
ఆంధ్రప్రదేశ్